పులివెందుల మన్ను మూట

మొన్న మా అన్న కొడుకు శామ్యూలు ప్రొద్దుటూరు వచ్చి, విత్తనాల అంగట్లో కొన్న పొట్లమొకటి నా వంటింటి గట్టు మీద పెట్టి, మంచినీళ్ళు తాగడానికి కూర్చున్నాడు. అరచేతి వెడల్పున్న ప్లాస్టిక్ పొట్లం, లోపల నల్లటి పొడి, మీద ఆకుపచ్చ అక్షరాలతో రైజోబియం అని పేరూ, దాని కింద ఏ నెలలోగా వాడాలో ఆ గడువూ ఉన్నాయి. ఇంటికొచ్చిన పొట్లాన్ని విప్పకుండా వదిలే గుణం నాకు డెబ్బై దాటినా రాలేదు కాబట్టి, వాడు చెంబు దించేలోపల మూల కత్తిరించి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడిసి ఆరిన గోనెపట్ట వాసన, పాత చేనిని లోతుగా దున్నినప్పుడు నాగలి వెనక లేచే చల్లటి వాసన, దానడుగున ఎక్కడో చెమట పట్టిన చీరకొంగు వాసన.

"అత్తా, అది విత్తనాలకు పట్టిచ్చేది, ముక్కుపొడుం గాదు," అన్నాడు శామ్యూలు.

వాడు నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. ఆ వాసన మా జేజిది. మా ప్రాంతంలో నాయన తల్లిని జేజి అంటాం. ఆమె నెత్తిన ఎత్తుకుని పులివెందుల నుంచి తెచ్చిన మన్నుమూట, ఆ మన్ను పడిన చేను, ఆ చేనిలో నేను చేసిన పాడుపని, మూడూ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చి, కూర్చున్నదాన్ని లేచి వంటింట్లో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను.

చిన్నప్పుడు ఇంతకంటే అన్యాయంగా ఉండేదాన్ని. కాలుగాలిన పిల్లి అని అమ్మ పెట్టిన పేరు ఊరికే పెట్టింది కాదు. అచ్చనగాయలాడితే మూడో ఎత్తుకే రాళ్ళు పారేసి లేచిపోయేదాన్ని. తొక్కుడుబిళ్ళలో నా వంతు వచ్చేదాకా ఆగలేక గీతలు కాలితో చెరిపేసేదాన్ని. అమ్మ సంగటి గెలుకుతుంటే ఉడికిందా ఉడికిందా అని మూతెత్తి ముఖాన ఆవిరి కొట్టించుకునేదాన్ని. పొదుగుతున్న కోడి కిందనుంచి గుడ్లు తీసి చెవి దగ్గర ఊపి ఊపి చూసి, ఒక వేసవిలో ఇంట్లో ఒక్క పిల్ల కూడా లేవకుండా చేశాను. జరుగుతున్నది జరుగుతున్నట్టు వదిలిపెట్టడం నాకు చేతకాని విద్య.

మాది జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దావ పక్కనుండే చిన్న పల్లె. ఆంధ్రరాష్ట్రం వచ్చి, మరి రెండు మూడేళ్ళకు ఆంధ్రప్రదేశమైన రోజులవి. మా ముత్తాతల కాలంలో మావాళ్ళు క్రైస్తవులయ్యారు. అంతకు ముందూ ఆ తర్వాతా కూడా ఇతరుల చేలల్లో కూలిపని చేసి బతికినవాళ్ళే. నాయన చదువుకుని మా పల్లె బడిలోనే అయ్యవారయ్యాడు. వారంలో ఆరు రోజులు బడి, ఏడోరోజు అదే కొట్టంలో ప్రార్థన. అటువంటి మాకు, గుట్ట కింద రాళ్ళు తేలిన ఎర్రనేల, బీడుగా పడున్నది, ప్రభుత్వం వాళ్ళు జేజి పేరు మీద ఇచ్చారు. మూడేళ్ళలోపు సాగులోకి తేవాలి, లేదంటే వెనక్కి తీసుకుని మరొకరికి ఇస్తామన్నారు. మొదటి ఏడు రాళ్ళు ఏరడంతోనే పోయింది. రెండో ఏడు వేసిన కొర్ర, జానెడు లేచి, జబ్బు మనిషిలా పసుపెక్కి ఆగిపోయింది. మిగిలింది మూడో ఏడు. మా వంశంలో మొదటిసారి మాదని చెప్పుకోగలిగిన నేల ఆ ఒక్క పంట మీద ఆధారపడి ఉందని ఇంట్లో అందరికీ తెలుసు, పదేళ్ళదాన్ని నాకూ తెలుసు.

బీడుకు బలం చాలదని ఎవరైనా చెప్పగలరు, ఆ బలం తెచ్చేదెక్కడినుంచి అన్నదే చిక్కు. గొర్రెల మందను చేనిలో రాత్రులు నిలిపితే పెంటా ఉచ్చా పడి నేల బాగుపడుతుందని కాపర్లను అడిగితే, మేపడానికి గడ్డిపోచ లేని చోట మంద ఎందుకు నిలుపుతామన్నారు. మా ఇంటెనక దిబ్బలో ఒక ఆవు, నాలుగు కోళ్ళు వేసే పెంట కూరపాదులకే సరిపోయేది కాదు. అయినా జేజి రోజూ ఆ దిబ్బను పారతో తిరగేసి, పిడికెడు ఎత్తి వాసన చూసి, ముక్కు మండితే ఇంకా పచ్చిదనీ, మన్ను వాసనొస్తే పండిందనీ చెప్పేది. పాత ఊరు పాడుబడిన చోట దొరికే పాటిమన్ను ఒక వాసన, చెరువు పూడిక ఒక వాసన, ఏ నేల ఏ పంటకు అన్నం పెడుతుందో ఆమె ముక్కుకు తెలుసు. నాయన తెలుగు వాచకం ఎంత నమ్మకంగా చదివేవాడో జేజి మట్టిని అంత నమ్మకంగా చదివేది.

ఆ ఏడు వేరుశనగ వెయ్యాలన్నది జేజి పట్టు. ఆమె పుట్టినిల్లు పులివెందుల పక్కన. ఆ వైపు వేరుశనగ ఎన్నో ఏళ్ళుగా పండుతోంది. అక్కడి పద్ధతి ఒకటుంది. ఏ నేలలోనైనా మొదటిసారి వేరుశనగ వేస్తే, పాతచేని మన్ను తెచ్చి విత్తనాలకు కలపాలి. ఆ మన్ను ఊరికే తవ్వి తెచ్చుకోకూడదు, నోరు తెరిచి అడగాలి, అడిగితే లేదనకూడదు, ఇచ్చేవాళ్ళు మొదటి పిడికిలి తమ చేత్తో వెయ్యాలి. ఇదంతా జేజి చెబుతుంటే నాయన తలపట్టుకున్నాడు.

"మన ఊర్లో మన్ను లేదామ్మా? బస్సెక్కిపొయి మన్ను తెస్తారా యాడన్నా?"

"ఆ మన్ను యేరు, ఈ మన్ను యేరు. నీ పుస్తకంలో లేకుంటే పోనీలే," అనింది జేజి.

నన్ను వెంటబెట్టుకుని పోయింది. తన తమ్ముడు పనిచేసే చేని గట్టు మీద, మా మాటలో గనిమ మీద, నిలబడి కొంగు పట్టి మన్ను అడిగింది. ఆ చేని ముసలాయన నవ్వకుండా, అదేదో పిల్లనిచ్చే పని అన్నంత మర్యాదగా వంగి మొదటి పిడికిలి వేశాడు. తక్కినది మేము నింపుకున్నాం. తిరుగు ప్రయాణంలో బస్సు కండక్టరు ఆ మూటను కాలితో కదిపి, అది కదలకపోయేసరికి, "ఏందవ్వా ఇంత బరువుంది?" అనడిగాడు. మన్ను అని జేజి చెబితే నమ్మక ముడి విప్పించి, లోపలికి చెయ్యిపెట్టి అడుగుదాకా వెతికి, ఏమీ దొరక్క, ఆమె ముఖమూ నా ముఖమూ మార్చి మార్చి చూసి, "పాపం, ఎండకేమో" అని తనలో తాను అనుకుంటూ ముందుకు పోయాడు. బస్సంతా నవ్వింది. నేను సిగ్గుతో కిటికీ బయటికి చూస్తూ ముద్దనూరు ఎప్పుడొస్తుందా అని కాళ్ళాడిస్తూ కూర్చున్నాను. జేజి మాత్రం మూట మీద ఎండ పడకుండా కొంగు కప్పి, తడి ఆరిపోతుందేమోనని మాటిమాటికీ తాకి చూసుకుంది.

ఆరుద్ర కార్తెలో వానపడింది. చాటలో విత్తనాలు పోసి, పైన బెల్లం నీళ్ళు చిలకరించి, ఆ మన్ను చల్లి, గింజ గింజకూ పట్టేలా జేజి అరచేతులతో కలిపింది. ఒక ముసలిమనిషి మోయగలిగినంత మన్ను ఎంతకని వస్తుంది? సగం చేనికే సరిపోయింది. తక్కిన సగానికి ఉత్త విత్తనాలు వేశాం. నాయన దూరంగా నిలబడి, "సగం పులివెందుల, సగం జమ్మలమడుగు" అని ఎగతాళి చేశాడు.

మొలకలు వచ్చాక నాకు ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. బడి వదలగానే చేనికి పరుగు. ఆకులు నాలుగయ్యాయా, ఎనిమిదయ్యాయా, కింద ఏం జరుగుతోంది? కింద అన్న మాట బుర్రలో పడితే ఇక ఊపిరాడేది కాదు. కొన్నాళ్ళు బిగబట్టి, చివరికి ఒక సాయంత్రం ఎవరూ చూడకుండా గనిమ పక్క సాలులో ఒక చెట్టు పీకాను. వేర్ల నిండా బుడిపెలు! ఆవగింజంతవి, మినపగింజంతవి, చెమటకాయలు పేలినట్టు. పరుగున చేని రెండో సగానికి పోయి అక్కడొకటి పీకాను. వేర్లు తెల్లగా, నున్నగా, దువ్వినట్టున్నాయి.

నేనెందుకు అంత హడలిపోయానో చెప్పాలి. అంతకు కొన్ని వారాల ముందే బడితోటలో వంగచెట్లు వాడిపోతే, నాయన ఒకటి పీకి పిల్లలందరికీ వేర్ల మీది ముడులు చూపించాడు. ఇది వేరుముడి తెగులు, మన్నుతో వస్తుంది, ఒక చోటి మన్ను ఇంకోచోటికి చేరితే ఆ తోటా పోతుంది అని చెప్పి, తోటంతా పీకించి తగలబెట్టించి, మా అందరి చేతులూ కాళ్ళూ కడిగించాడు. మన్నుతో వస్తుంది! జేజి ఎండలో నెత్తినెత్తుకుని, బస్సంతా నవ్వినా ఓర్చుకుని తెచ్చిన మూటలోనే తెగులు వచ్చిందన్నమాట. నాయనకు చెబితే సగం చేను తగలబెడతాడు. నేల పోతుంది. జేజి తలెత్తుకోలేదు. చెప్పకపోతే తెగులు రెండో సగానికీ పాకుతుంది. ఇంత బరువు పదేళ్ళ పిల్ల మోయలేదు గానీ దింపుకోవడానికీ చోటు దొరకలేదు.

మరుసటి రోజు నుంచి వైద్యం మొదలుపెట్టాను. బడి వదలగానే పోవడం, ఒక్కో చెట్టును మెల్లిగా పెకలించడం, వేర్ల మీది బుడిపెలు గోటితో గిల్లి పారేయడం, చెంబునీళ్ళతో వేర్లు కడిగి మళ్ళీ అదే గుంతలో నాటి మన్ను అదమడం. బుడిపె చిదిపితే లోపల ఎర్రగా, పచ్చిమాంసం రంగులో ఉండేది, నా గోళ్ళ సందుల్లో ఆ రంగు దిగేది. చెట్టుకు నెత్తురెక్కడిది అనుకున్నానే గానీ చెయ్యి ఆపలేదు. నాలుగు సాయంత్రాల్లో ఆరు సాళ్ళు శుభ్రం చేశాను. మొదటి రోజువి తెల్లవారి నిటారుగానే ఉన్నాయి. మూడోరోజుకు తలలు వేలాడేశాయి. వానలేదని నాకు నేను చెప్పుకున్నాను, ఇంకా గట్టిగా గిల్లాను, బళ్ళో ఎక్కాలు చెబుతూ ఏడో ఎక్కం మధ్యలో ఆగి కిటికీలోంచి గుట్టవైపు చూస్తూ దెబ్బలు తిన్నాను.

ఐదో సాయంత్రం జేజి వెనకనుంచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఏం జేస్తాండావు పాపా?"

ఏడుస్తూ అంతా కక్కేశాను. ఆమె కొట్టలేదు. నా గుప్పిలి విప్పి, అందులోని బుడిపెలను ఎండు చేత్తో కదిపి, గనిమ మీద కూలబడింది.

"ఇవి వుంటేనే గదమ్మా చేను పచ్చగుండేది. మా అవ్వ కాలం నుంచీ చూస్తాండాం. ఎందుకంటే నాకు దెల్దు. నన్నొక మాట అడిగింటే చెప్పుందును గదా."

అంతే అన్నది. అడిగుంటే అన్న ఆ మాట కొట్టినదానికంటే ఎక్కువైంది.

తెల్లవారి నాయన ఎండిన సాళ్ళు చూశాడు. రెవిన్యూ ఇన్‌స్పెక్టరు పుబ్బ కార్తెలో చేను చూడడానికి వస్తాడని అప్పటికే కబురొచ్చి ఉంది. ఇంటికొచ్చి ఎవరు పీకారని అరిచాడు. నేను వంటింటి తలుపు వెనక నిలబడి ఉన్నాను.

"నేనే పీకినా. బుడిపెలు పడినాయో లేదో చూసేకి," అనింది జేజి.

"చూసేకి ఆరు సాళ్ళా? మతి వుండేనా నీకు? నేల పోతే యాడికి పోతామ్మా?"

తల్లి మీద నాయన గొంతెత్తడం నేను వినడం అదే మొదటిసారి. జేజి చాట తీసుకుని రాగులు చెరుగుతూ కూర్చుంది. నేను తలుపు వెనకే ఉండిపోయాను.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున చేను మూడు రంగుల్లో ఉంది: పులివెందుల మన్ను పడిన వైపు ముదురాకుపచ్చ, పడని వైపు నిరుడు కొర్ర లాగే పసుపు, గనిమ పక్కన నా ఆరు సాళ్ళు ఎండుగడ్డి. కరణం పుస్తకం తెరిచాడు. ఇన్‌స్పెక్టరు పసుపు వైపు చూసి, దీన్ని సాగంటారా అన్నాడు. వాళ్ళతో వచ్చిన గ్రామసేవకుడు, రైతులకు సాగు సలహాలు చెప్పే ఉద్యోగి, కోస్తా వైపు కుర్రవాడు, మా మాటలకు అప్పుడప్పుడు నవ్వేవాడు. అతను మాత్రం చేనిలోకి దిగి రెండు వైపులా చెరొక చెట్టు పీకి పక్కపక్కన పెట్టాడు. జేబులోంచి చిన్నకత్తి తీసి ఒక బుడిపె కోసి ఆ ఎరుపు అందరికీ చూపించాడు.

"ఇది తెగులు కాదండీ. లోపల సూక్ష్మజీవులున్నాయి. గాలి నిండా నత్రజని ఉంది గానీ మొక్క దాన్ని నేరుగా తినలేదు. ఇవి పట్టి, మొక్క తినేలా చేసి పెడతాయి. మొక్క వీటికి తీపి పెడుతుంది. ఈ ఎరుపు ఉందంటే పని జరుగుతున్నట్టే. పసుపు వైపు ఇవి లేవు. వచ్చే ఏడు ఈ మన్నే అటు చల్లితే అదీ ఇలా అవుతుంది."

జేజి దగ్గరికి వచ్చి కత్తిమొన మీదికి వంగి చూసింది.

"యాడ? నాకేం కనపడ్లేదే?"

"కంటికి కనపడవు అవ్వా."

"కూలోళ్ళన్నమాట. పని వాళ్ళది, పేరు చేనిది," అనింది జేజి.

గ్రామసేవకుడు ఈసారి నవ్వలేదు. ఇన్‌స్పెక్టరు చేను సాగులో ఉన్నట్టు రాయమన్నాడు, ఎండిపోయిన ఆరు సాళ్ళ పట్టె తప్ప. అది కరణం పుస్తకంలో బీడుగా పడింది, కొలతల్లో మాకు రాలేదు. ఏడాది తిరగకుండా దాని మీద బండ్లు నడిచి దావ అయింది. నేల నిలిచిందన్న సంతోషంలో నాయన కోపం మరిచిపోయి, ఆ దావకు నవ్వులాటగా జేజిదావ అని పేరు పెట్టాడు. ఇల్లంతా అన్నది, తర్వాత పల్లె అన్నది.

మరుసటి ఏడు విత్తే ముందు, పక్క చేని పెద్దరైతు మా గనిమ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మా ఇంట మంచినీళ్ళు ముట్టని మనిషి. కాసేపు ఆకాశం చూసి, వాన సంగతి మాట్లాడి, చివరికి, "రొంత మన్ను గావల్లమ్మా," అన్నాడు. జేజి పైగుడ్డ పట్టమంది. ఆయన పట్టాడు. ఆమె వంగి మొదటి పిడికిలి వేసింది, ఎంత నెమ్మదిగా వేసిందంటే, ఆయన చేతులు చాచుకుని ఆమె ముందు నిలబడవలసినంతసేపు నిలబడ్డాడు. ఆ ఏడు కోతల పండుగకు మా పల్లె ప్రార్థనలో మొదటి గంప మాదే. ఉడకబెట్టిన పచ్చికాయల ఆవిరి, అలసంద వడల నూనె వాసన, పాకం కారే శనగుండలు, సంగటిలోకి నూరిన ఊరిబిండి పచ్చడి. అందరూ తింటూ పాడుతుంటే నేను నా ఆకు పక్కకు జరిపాను. లేచి నాయన దగ్గరికి రెండుసార్లు పోయి, రెండుసార్లు తిరిగి వచ్చాను. తర్వాత రెండేళ్ళకు జేజి పోయింది, ఆ తర్వాత చాలా ఏళ్ళకు నాయన పోయాడు, నేను చెప్పలేదు.

నేనూ అయ్యవారమ్మనై, ఎన్నో ఏళ్ళు ఎనిమిదో తరగతికి నత్రజని వలయం చెప్పాను. నల్లబల్ల మీద గుండ్రంగా బాణాలు గీసేదాన్ని: గాలి, వేరుబుడిపె, చెట్టు, పశువు, పెంట, మళ్ళీ మన్ను. దిబ్బలో ముక్కు మండించేది అమ్మోనియా అనీ, అది పండి చెట్టు తినే నైట్రేటు కావడం ఒక రకం బాక్టీరియా పని అనీ, ఇంకో రకం దాన్ని విడగొట్టి తిరిగి గాలికి వదిలేస్తుందనీ చెబుతుంటే, జేజి పార పట్టుకుని దిబ్బ తిరగేయడం కనబడేది. ఆమె ముక్కుతో చదివినదాన్నే నేను సుద్దముక్కతో రాస్తున్నాను. బుడిపె బొమ్మ దగ్గరికొచ్చేసరికి మాత్రం తొందరగా చెరిపేసి ముందుకు పోయేదాన్ని.

శామ్యూలు లేస్తుంటే నేనూ వస్తానని వాడి వెంట పల్లెకు పోయాను. నిరుడు ఇదే చేనిలో, పాత బుద్ధి పోక, పది చెట్లు పీకి చూశాను. ఒక్కదానికైనా ఎర్రటి బుడిపె లేదు. "చూడత్తా, వేర్లు ఎంత శుబ్బరంగా వుండాయో," అని వాడు సంబరపడ్డాడు. ఏళ్ళ తరబడి యూరియా సంచులు పోస్తే ఆ కూలోళ్ళతో చెట్టుకు పనేముంది? పదేళ్ళప్పుడు నేను గోళ్ళతో చేయబోయి ఆరు సాళ్ళ దగ్గర ఆగిపోయిన పనిని సంచులు చేని చివరిదాకా పూర్తిచేశాయి. మంద నిలపమని అడుగుదామంటే కాపర్లు లేరు, దిబ్బ ఉన్నచోట స్నానాల గది కట్టారు, పులివెందులలో ఆ పాతచేను చీనీ బత్తాయిల తోటయింది. మన్ను అడగడానికి పోవాల్సిన గడప నాకు తెలియదు, అందుకే ఆ కూలోళ్ళను నింపి అమ్మే అంగడి పొట్లం.

చేని దగ్గర చాటలో విత్తనాలు పోసి, బెల్లం నీళ్ళు చిలకరించాక, వాడు పొట్లం అందుకోబోతే నేను వెనక్కి తీసుకున్నాను.

"అడుగు," అన్నాను.

"ఏంది?"

"మన్ను గావల్లని నన్నడుగు."

వాడు ఎగాదిగా చూసి, ముసలిదాని చాదస్తం అనుకున్నాడో ఏమో, "రొంత మన్నీ అత్తా," అన్నాడు. మొదటి పిడికిలి నా చేత్తో వేసి కలిపాను. పక్కన తారురోడ్డు మీద ఎర్రగుంట్ల లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. అది ఒకప్పటి ఆరు సాళ్ళు, ఇప్పటికీ జేజిదావే, ఆటోవాళ్ళు కూడా ఆ పేరుతోనే ఆపుతారు. ఇక ఉండబట్టలేదు.

"ఆ దావ జేజిది గాదురా. నాది. పీకింది నేను."

వాడికి మొత్తం చెప్పాను. విన్నంతసేపు విని, విత్తనాలను నీడలోకి జరిపి, చేతులు దులుపుకున్నాడు.

"ఇప్పుడు పేరు మార్చేకి అయితాదా అత్తా? ఊరంతా అలవాటు పడిపొయినారు. అట్లే వుండనీ."

అట్లే ఉంది. గోళ్ళ సందుల్లో నల్లపొడి దిగింది. కడుక్కోమని వాడు నీళ్ళ సీసా ఇస్తే, తర్వాత కడుక్కుంటానని పక్కన పెట్టి, నాకు చేతకాని పనే అయినా, విత్తనాలు ఆరేదాకా చాట ముందు కదలకుండా కూర్చున్నాను.